39 డాలర్ల 50 సెంట్ల కాఫీ

నేను తాగిన కాఫీల్లోకెల్లా ఖరీదైనది 39 డాలర్ల 50 సెంట్లు. బిల్లు మీద ఉన్నది నాలుగున్నర డాలర్లే. మిగతా 35 బ్యాంకు తీసుకుంది.

2021 ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి అమెరికా వచ్చాను. దిగగానే సీనియర్లు దగ్గరుండి చేయించిన మొదటి పని బ్యాంకులో చెకింగ్ అకౌంట్ తెరిపించడం. మన దగ్గర అన్నీ సేవింగ్స్ ఖాతాతోనే నడిపిస్తాం కదా. ఇక్కడ రోజువారీ ఖర్చులకు వాడేది చెకింగ్ అకౌంట్. డెబిట్ కార్డు, చెక్కులు, ఫోన్ బిల్లు, అద్దె... అన్నీ దాంట్లోంచే పోతాయి. కాగితాలు నింపుతున్న ఆవిడ మధ్యలో "ఓవర్‌డ్రాఫ్ట్ కవరేజ్ పెట్టమంటారా?" అని అడిగింది. కవరేజ్ అంటే ఇన్సూరెన్స్ లాంటిదేమో, మంచిదే కదా అనుకున్నాను. తలూపి సంతకం పెట్టేశాను.

ఆ సంతకం ఖరీదు డిసెంబరులో తెలిసింది.

అప్పుడు యూనివర్సిటీ లైబ్రరీలో గంటకు 10 డాలర్లకు పనిచేస్తున్నాను. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలకు మించి చేయకూడదు. అంటే నా సంపాదనకు పైన ఒక గీత ఉంది. ఒక శుక్రవారం రాత్రి యాప్ తెరిస్తే 418 డాలర్లు కనిపించాయి. ఫర్వాలేదు, జీతం వచ్చేదాకా గడిచిపోతుంది అనుకున్నాను. శనివారం ఇండియన్ స్టోర్‌లో బియ్యం, పప్పు, పచ్చడి సీసా కలిపి 41 డాలర్లు. ఆ రాత్రి ఫ్రెండ్స్‌తో పిజ్జా, నా వాటా 12. ఆదివారం చదువుకుంటూ ఒక కాఫీ, నాలుగున్నర. సోమవారం ఫోన్ బిల్లు 15 దానంతటదే కట్ అవుతుంది. అన్నీ కలిపినా 72 డాలర్ల 50 సెంట్లే.

నేను మర్చిపోయింది ఒక్కటే. అద్దెలో నా వాటా 395 డాలర్లకు చెక్కు రాసి వారం కిందటే ఇంటి ఓనర్‌కి ఇచ్చాను. ఆయన దాన్ని బ్యాంకులో వేయలేదు. వేయలేదు కాబట్టి ఆ చెక్కు సంగతి యాప్‌కు తెలియదు. తెలియాల్సింది నాకు. పరీక్షల హడావిడిలో నాకు గుర్తే లేదు.

ఆయన సోమవారం వేశాడు. మంగళవారం పొద్దున యాప్ తెరిస్తే మైనస్ 189 డాలర్ల 50 సెంట్లు!

నేను ఎక్కువ ఖర్చుపెట్టింది 49 డాలర్ల 50 సెంట్లే. మిగతా 140 ఫీజులు. ఒక్కోటి 35 చొప్పున నాలుగు. సోమవారం రాత్రి లెక్క కట్టేటప్పుడు బ్యాంకు అన్నిటికంటే పెద్ద మొత్తాన్ని, అంటే అద్దె చెక్కును, ముందు తీసింది. ఖాతాలో 23 డాలర్లు మిగిలాయి. ఆ తర్వాత బియ్యం, ఫోన్ బిల్లు, పిజ్జా, కాఫీ వరసగా వచ్చాయి. ప్రతిదానికీ డబ్బు చాలలేదు, ప్రతిదానికీ ఒక ఫీజు. చిన్నవాటిని ముందు తీసి చెక్కును చివర్లో తీసి ఉంటే ఒక్క ఫీజే పడేది. అవే ఖర్చులు, అదే ఖాతా. వరస మారితే 35 కాస్తా 140 అయింది. ఈ వరస మార్చే పద్ధతి మీద అమెరికాలో పెద్ద బ్యాంకుల మీదే కేసులు నడిచాయని తర్వాత తెలిసింది. 2011లో బ్యాంక్ ఆఫ్ అమెరికా 41 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుని అలాంటి కేసులో రాజీ పడింది.

140 డాలర్లంటే లైబ్రరీలో నా 14 గంటల పని. అప్పటి రేటుకు పదివేల రూపాయల పైమాటే. ఆ రాత్రి బాపు కరీంనగర్ నుంచి ఫోన్ చేసిండు. ఎప్పుడూ అడిగేదే అడిగిండు. "పైసలు సాలుతున్నయా బిడ్డా?"

"సాల్తున్నయ్ బాపు" అన్నాను.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. డబ్బు పోయినందుకు కాదు, ఇంజినీరింగ్ చదివి కూడా ఒక చెక్కు గుర్తుపెట్టుకోలేకపోయానన్న సిగ్గు. చివరికి రూమ్‌లో ఉండే సీనియర్ అన్న నా మొహం చూసి ఆరా తీసి, "ముందు బ్యాంకుకు ఫోన్ చేసి అడుగు. అడిగితే పోయేదేముంది?" అన్నాడు.

చేశాను. స్టూడెంట్‌ని, మొదటిసారి జరిగింది, తీసేయగలరా అని అడిగాను. రెండు ఫీజులు వెనక్కి ఇచ్చారు. 70 డాలర్లు! ఆ మూడు రోజుల్లో ఒక్కసారి కూడా అడగాలని నాకు తట్టలేదు.

అదే ఫోన్‌లో అసలు విషయం తెలిసింది. 2010 నుంచి అమెరికాలో ఒక నిబంధన ఉంది. ఏటీఎంలో తీసే డబ్బుకూ, కార్డుతో అప్పటికప్పుడు కొనేవాటికీ మన అనుమతి లేకుండా ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజు వేయకూడదు. నేను "కవరేజ్" అనుకుని సంతకం పెట్టింది ఆ అనుమతి మీదే. బియ్యం, పిజ్జా, కాఫీ... నాలుగు ఫీజుల్లో మూడు నేను ఒప్పుకున్నవే. అక్కడికక్కడే ఆ అనుమతి రద్దు చేయించాను. ఇక డబ్బు లేకపోతే కార్డు పనిచేయదు, అంతే. కౌంటర్ దగ్గర కార్డు డిక్లైన్ అయితే ఒక నిమిషం నామోషీ. అది ఫ్రీ. కాకపోతే చెక్కులకూ, ప్రతి నెలా వాటంతటవే కట్ అయ్యే బిల్లులకూ ఈ నిబంధన వర్తించదు. వాటి జాగ్రత్త మనదే.

అందుకని ఇంకో నాలుగు పనులు చేశాను. ఖాతా 100 డాలర్ల కంటే తగ్గితే మెసేజ్ వచ్చేలా అలర్ట్ పెట్టాను. జీతం పడిన రోజే అద్దె డబ్బును వేరే సేవింగ్స్ ఖాతాలోకి మార్చి, చెక్కు ఇచ్చే రోజు మాత్రమే వెనక్కి తేవడం మొదలుపెట్టాను. ఆ తర్వాత చెక్కు క్లియర్ అయ్యేదాకా ఆ మొత్తాన్ని నాది అనుకోను. ఫోన్ బిల్లు తేదీని జీతం తర్వాతి రోజుకు మార్పించుకున్నాను. రాసిన ప్రతి చెక్కునూ ఫోన్ నోట్స్‌లో రాసుకుని, క్లియర్ అయ్యాక కొట్టేస్తాను. యాప్‌లో కనిపించే అంకె మన దగ్గరున్న డబ్బు కాదు. దాంట్లోంచి మనం ఇప్పటికే మాట ఇచ్చేసినవి తీసేస్తే మిగిలేదే మన డబ్బు.

తర్వాత పరిస్థితి కొంత మారింది. 2022లో క్యాపిటల్ వన్, సిటీ బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజులు ఎత్తేశాయి. బ్యాంక్ ఆఫ్ అమెరికా 35 నుంచి 10 డాలర్లకు తగ్గించింది. పెద్ద బ్యాంకుల ఫీజును 5 డాలర్ల దాకా దించేలా 2024 డిసెంబరులో ఒక నిబంధన వచ్చింది కానీ, అమలు కాకముందే 2025లో రద్దయింది. కొత్తగా వచ్చే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఖాతా తెరిచేటప్పుడు ఫీజు ఎంతో, ఎప్పుడు పడుతుందో అడగండి. "కవరేజ్" అన్న మాట వినిపిస్తే ఇంకోసారి అడగండి.

ఉద్యోగం వచ్చాక మొదటిసారి ఇంటికి వెళ్లినప్పుడు బాపుకు ఇదంతా చెప్పాను. నవ్విండు. "మన కిరాణం సేటే నయం కద బిడ్డా. పోయిన నెలది ఇంక బాకీ ఉన్నదని చెప్పినంకనే పుస్తకంల రాస్తడు."

లోపలి నుంచి అమ్మ అంది, "మీ బాపుది గూడ అప్పుడే ట్రాక్టర్ కిస్తు బౌన్స్ అయింది. నీకు ఫీజు పైసలు పంపినంక ఖాతాల మిగల్లే. బ్యాంకోళ్లు కోసిండ్రు, ఫైనాన్సోళ్లు గూడ కోసిండ్రు."

"నాకెందుకు చెప్పలే బాపు?"

"నీకు పరీక్షలుండె" అన్నడు.

అంటే ఆ డిసెంబరులో ఫోన్‌కు రెండు వైపులా ఖాతాలు ఖాళీ. రెండు వైపులా ఒకటే మాట, సాల్తున్నయ్.

మర్నాడు ఇద్దరం ఫైనాన్స్ ఆఫీసుకు వెళ్లి కిస్తు తేదీ మార్చమని అర్జీ పెట్టాం. కిస్తుకు మూడు రోజుల ముందు గుర్తుచేసేలా బాపు ఫోన్‌లో రిమైండర్ పెట్టాను. ఇప్పుడు కూడా ఆదివారం ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న అదే. కాకపోతే సాలుతున్నయా అని అడగడు, ఎన్నున్నయ్ అని అడుగుతడు. నేను అంకె చెబుతాను. తర్వాత ఆయనను అడుగుతాను. ఆయనా చెబుతడు.