పేరు పిలిచేటప్పుడు

బడుల్లో పిల్లల మానసిక ఆరోగ్యం మీద రాయమని సంపాదకుడు అడిగినప్పుడు నాకు ఏ అధికారీ గుర్తుకు రాలేదు, మా వదిన గుర్తొచ్చింది. మేనమామ కూతురు. మిర్యాలగూడ అవతల ఒక పల్లెలో, జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతుంది. రైస్ మిల్లులు దాటుకుంటూ పొద్దున్నే చేరాను. హెడ్మాస్టర్ గారు ల్యాబు, వంటగది, కొత్త బల్లలు చూపిస్తానన్నారు. ఎనిమిదో తరగతి వెనక బెంచీ మీద కూర్చున్నదాన్ని మళ్లీ లేవలేదు.

వదిన హాజరు తీయడం చూడాలి. నంబర్లు పిలవదు, పేరే పిలుస్తుంది. పిలిచి తలెత్తి, ఆ పిల్ల చూపు తన చూపుతో కలిసేదాకా ఆగుతుంది. "ప్రెజెంట్ మేడం" విన్నాకే పెన్నుతో గడిలో గీత గీస్తుంది. ఒక్కోసారి ఆ పెన్ను వేళ్ల సందులోకి జారిపోయి, బొటనవేలంత పెన్సిల్ ముక్క పైకొస్తుంది. దానితో పేరు పక్కన ఆవగింజంత చుక్క పెడుతుంది. ముప్పై పేర్లకు నాలుగు నిమిషాలు పట్టింది.

"ఆ చుక్కలేంటి వదినా?"

"గొంతు తగ్గితె ఒక చుక్క. చూపు తిప్పుకుంటె ఒకటి. ఒక్కనాడైతె నిద్ర సాలలేదనుకుంట. వారంల మూడు పడితె మాత్రం ఊకోను."

ఆ పొద్దున కిటికీ పక్క అబ్బాయికి మూడో చుక్క పడింది. అందరి ముందూ ఏమైందని అడగలేదు. "బిడ్డా, సుద్దముక్కలు తెద్దాం పా" అని తనూ వెంట నడిచింది. నిండు డబ్బా బల్ల మీదే ఉంది. తరగతిలో ఎవరూ ఆ మాట అనలేదు. వరండా చివర వేపచెట్టు కింద ఇద్దరూ కాసేపు నిలబడ్డారు. ఎక్కువసేపు ఆమె వింటూనే ఉంది. ఏం చెప్పాడో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. తిరిగొచ్చాక వాడు బోర్డు తుడిచాడు, మూలన రాసిన 14416ను వదిలేసి. అది టెలి మానస్ నంబరు. 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, తెలుగులోనూ మాట్లాడతారు. మంచిదే. కానీ "ఫోన్ జేసి చెప్పుకుందామంటె ఆ ఒక్క అర్రల నలుగురుంటరు గద" అంది వదిన.

నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్లవాళ్లలో 7.3 శాతం మందికి మానసిక సమస్యలున్నాయని తేలింది. ఆ లెక్కన ఈ గదిలో ఇద్దరు. ఆ ఇద్దరెవరో మందు రాసే డాక్టరు కన్నా ముందు పేరు పిలిచే మనిషికే తెలియాలి.

నేను ఇంటర్ చదివిన హాస్టల్ కాలేజీలో పేర్లుండేవి కావు. ఆదివారం పరీక్ష, సోమవారం ర్యాంకుల పట్టిక, దాన్నిబట్టి సెక్షన్ మార్పు. నా రూమ్మేట్‌ని రెండు సెక్షన్లు కిందికి దించాక ఆ పిల్ల అన్నం మానేసింది. ఆమె నంబరు పిలిస్తే "ప్రెజెంట్" అనేది, లెక్చరర్ తల ఎత్తకుండానే టిక్కు పెట్టేవాడు. పదకొండో రోజు మెస్సులో కళ్లు తిరిగి పడిపోతే గానీ ఎవరికీ తెలియలేదు. ఎదురు మంచం మీద పడుకున్న నాకూ తెలియలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

విశాఖలో నీట్‌కు చదువుతూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచులుగా విడదీయొద్దని, నలుగురిలో అవమానించొద్దని అందులో ఉంది. చదివినప్పుడు నాకు ఆ సోమవారాలే కళ్లముందుకొచ్చాయి. వంద మంది, అంతకుమించి ఉన్నచోట కనీసం ఒక కౌన్సెలర్ ఉండాలి. అంతకన్నా తక్కువుంటే బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. ఈ బడిలో ఉన్నది 86 మంది. "మాకు ఆ బయటి మనిషెవరో ఎవలూ చెప్పలె" అంది వదిన.

ఆమె దగ్గరికి వచ్చింది మాత్రం ముఖం గుర్తుపట్టే హాజరు యాప్. మొదటి పీరియడ్‌లో పిల్లలు వరసగా వచ్చి ఫోను ముందు నిలబడ్డారు. సిగ్నల్ కోసం వదిన తలుపు దాకా పోయింది. ఆ తర్వాత, పాఠం చెప్పే సమయంలోంచి మిగుల్చుకుని, రిజిస్టర్ తెరిచింది. "అది పిల్లగాడు వచ్చిండా అనే సూస్తది. ఎట్ల వచ్చిండో నేను సూడొద్దా?" దొంగ హాజరు ఆపడానికి యాప్ కావాలంటే పెట్టుకోండి. కానీ బడిలో రోజుకొకసారి ప్రతి పిల్లనీ విడిగా చూసే నాలుగు నిమిషాలు ఇవే. వాటిని దండగ లెక్కలో రాసేయడం నాకు సహించలేదు.

సాయంత్రం వదిన రబ్బరు తీసి నెల చివరి చుక్కలు చెరుపుతోంది. రిజిస్టర్ తనిఖీకి పోతుంది, పిచ్చిగీతలు ఉండకూడదు. "వేరే నోటుబుక్కుల రాసి పెట్టరాదా?" అన్నాను. చెయ్యి ఆగింది.

పాత బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి ఉండేదట. ఏడాదంతా చుక్కలే. మెల్లగా మాటలు మొదలైన వేళకు వదినకు బదిలీ అయింది. ఆ పిల్ల దసరా సెలవుల తర్వాత బడికి రాలేదు.

"కొత్త మేడంకు చెప్పి రావాల్సుండె," అంది, రబ్బరు పొడి ఊదుతూ. "రిలీవయ్యే దినం హడావుడి. లైబ్రరీ పుస్తకాల లెక్క అప్పజెప్పి బస్సెక్కిన."