చల్లని పెట్టెతో కాశీయాత్ర

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని వెనుకటివారు అనేవారు. 1830లో మద్రాసు నుంచి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు మీదుగా కాశీకి వెళ్ళి, మళ్ళీ ఇల్లు చేరేసరికి పదిహేను నెలలు దాటాయి. మేము ఇంచుమించు ఆ దారినే, హైదరాబాదు నుంచి సుమారు 1200 కిలోమీటర్లు, కారులో మూడు రోజుల్లో వెళ్ళాము. ఆయన వెంట పల్లకీ, బోయీలు ఉన్నారు. మా వెంట ఒక చల్లని పెట్టె ఉంది. నేను చెప్పబోయేది ముఖ్యంగా ఆ పెట్టె సంగతే.

మా అమ్మకు డెబ్భై రెండేళ్ళు. పదేళ్ళుగా ఇన్సులిను మీద ఉన్నది. మోకాళ్ళ నొప్పులతో రైలు మెట్లు ఎక్కలేదు. పిల్లలకు సెలవులు మే నెలలోనే. "నాగపూరు ఎండలో నా మందు ఉడికిపోతుందిరా అబ్బాయీ! కాశీ నాకు ప్రాప్తం లేదులే" అని ఏటేటా వాయిదా వేస్తూ వచ్చింది.

ఆమె భయం ఉత్తది కాదు. మూత తీయని ఇన్సులిను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడకంలో ఉన్నది నాలుగు వారాలదాకా బయట ఉండవచ్చుగాని, ఆ బయట 30 డిగ్రీలు దాటకూడదు. మే నెలలో అటువంటి బయట ఎక్కడ దొరుకుతుంది? ఎండలో తలుపులు వేసి నిలిపిన కారు లోపల 50 డిగ్రీలు దాటడం విశేషం కాదు. పోనీ అని ఐసుముక్కల మీద పెడితే మందు గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిను మళ్ళీ కరిగినా పారవేయవలసిందే.

అందుకని పన్నెండు వోల్టుల మీద నడిచే చిన్న ఫ్రిజ్ ఒకటి కొన్నాము. ఇంట్లోదానికి ఉన్నట్టే దీనికీ కంప్రెసరు ఉంటుంది. నడుస్తున్నప్పుడు నాలుగైదు ఆంపియర్లు తీసుకుంటుంది. కారు ముందుభాగంలో సిగరెట్టు వెలిగించుకునే సాకెట్టులో తగిలించి, మందు లేకుండా మంచినీళ్ళ సీసాలతో శ్రీశైలం వెళ్ళి పరీక్షించాము. ఘాటు రోడ్డు కుదుపులకు ప్లగ్గు ఊడి వచ్చింది. మళ్ళీ నొక్కి పెట్టాను. భోజనానికి ఆగినచోట పెట్టె తనంతట తానే ఆగిపోయింది. తిరిగి వచ్చి మూత తీస్తే 17 డిగ్రీలు!

"ఏమండీ, ఇదే అత్తయ్యగారి మందయి ఉంటే?" అన్నది మా ఆవిడ. నాకు జవాబు తోచలేదు.

మర్నాడు కారును మా పేటలోని ఎలక్ట్రీషియను మేస్త్రీ దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన పెట్టె వంక చూడనైనా లేదు. సాకెట్టు వెనుక తీగ పట్టుకుని, "సార్, పెట్టె మంచిదే. దారి ఇరుకు" అన్నాడు.

విషయం ఇది. వోల్టులు తక్కువగా ఉన్నచోట తీగ సన్నమైనకొద్దీ, పొడుగైనకొద్దీ నష్టం తెలిసివస్తుంది. రానూపోనూ ఎనిమిది మీటర్ల తీగ ఒక చదరపు మిల్లీమీటరుది అయితే, అయిదు ఆంపియర్ల వద్ద దారిలోనే 0.7 వోల్టు తరిగిపోతుంది. ఇంజను ఆపినప్పుడు బ్యాటరీ దగ్గర 12.4 ఉంటే పెట్టెకు చేరేది 11.7 మాత్రమే. పెట్టె కారు బ్యాటరీని కాపాడే ఏర్పాటు కలది. బ్యాటరీ నీరసించిందనుకుని మర్యాదగా ఆగిపోతుంది. అదే తీగ ఆరు చదరపు మిల్లీమీటర్ల రాగిది అయితే నష్టం 0.12 వోల్టే.

మేస్త్రీ మధ్యాహ్నమంతా పని చేశాడు. బ్యాటరీ నుంచి ఎర్ర తీగ తీసి, జానెడు దూరంలోనే పదిహేను ఆంపియర్ల ఫ్యూజు పెట్టాడు. "పెట్టె పక్కన పెట్టవచ్చుగా?" అని అడిగాను. "ఇంటి తాళం వీధి గుమ్మానికి వేస్తాం గాని పెరటి గదికి వేస్తామా సార్? ఫ్యూజు కాపాడేది పెట్టెను కాదు, తీగను. మధ్యలో ఎక్కడ ఒరుసుకుని బాడీకి తగిలినా మంట పుట్టకుండా ముందే తెగిపోవాలి" అన్నాడు. ఇంజను నుంచి లోపలికి వచ్చే ఇనుప గోడ రంధ్రంలో రబ్బరు ఉంగరం తొడిగాడు. తలుపుల గడపల కింద, తివాసీ కింద తీగను డిక్కీదాకా నడిపాడు. పసుపుపచ్చ తొడుగులో పోయే తీగలను మాత్రం ముట్టుకోలేదు. అవి ప్రమాదంలో విచ్చుకునే గాలిసంచులవట. నల్ల తీగను రంగు గీకిన బాడీ బోల్టుకు బిగించాడు. కారు కొత్తదైతే, గ్యారంటీ చెడకుండా కంపెనీవారిని ముందే అడగడం మంచిదని కూడా చెప్పాడు.

చివరికి ఒక హెచ్చరిక చేశాడు. పెట్టె ఆగుతూ నడుస్తూ సగటున రెండు ఆంపియర్లు తీసుకున్నా, పది గంటల రాత్రికి ఇరవై అవుతుంది. మా బ్యాటరీ మొత్తం నలభై అయిదు. "రాత్రి పెట్టెను గదిలోకి తీసుకుపోయి గోడ ప్లగ్గుకు పెట్టండి. లేకపోతే పొద్దున పెట్టె చల్లగా ఉంటుంది, కారు కూడా చల్లగా ఉంటుంది!"

తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాము. కామారెడ్డి దాటాక తెల్లవారింది. సోన్ దగ్గర గోదావరి వంతెన మీద అమ్మ నాణెం విసిరి దండం పెట్టింది. నిర్మల్, ఆదిలాబాదు గడిచి పెన్‌గంగ దాటితే మహారాష్ట్రం. అక్కడినుంచి గాలి పొయ్యిలోంచి వస్తున్నట్టే ఉంది. వెనుక సీటులోంచి పిల్లలు గంటకొకసారి "నాయనమ్మా, అయిదు!" "నాయనమ్మా, ఆరు!" అని పెట్టె అంకె చదివి వినిపిస్తూ ఉంటే, అమ్మ జపం మధ్యలో తల ఊపేది.

రెండో రోజు పెంచ్ అడవిలో రోడ్డును స్తంభాల మీద ఎత్తి కట్టారు. కింద మృగాలు తమ దారిన తాము పోతాయి. పక్కలకు గోడలు కట్టి, దీపాల వెలుగు, చప్పుడు వాటిమీద పడకుండా చేశారు. పిల్లలు పులికోసం వెతుకుతున్నారు. నేను పెట్టె అంకె చూశాను. తొమ్మిది! జబల్పూరు చేరేసరికి పదకొండు. కంప్రెసరు ఊపిరి తీసుకోకుండా మోగుతున్నది.

నా గుండె జారిపోయింది. నీడన ఆపి, ఇంజను నడుస్తూ ఉండగానే బానెట్టు ఎత్తాను. ఫ్యూజు బాగానే ఉంది. మీటరు పెట్టి చూస్తే పెట్టె దగ్గర 13.6 వోల్టులు అందుతున్నాయి. తీగ తప్పు లేదు. అప్పుడు మూత తీశాను. మజ్జిగ సీసాల అడుగున, తువ్వాలులో చుట్టి నాలుగు బంగినపల్లి మామిడిపళ్ళు! నాగపూరులో పొద్దున పెట్టెను కారెక్కించిన తరువాత ఎవరో చేర్చారు. వేడిపళ్ళ సంగతి అలా ఉంచి, తువ్వాలు అంచు మూత రబ్బరులో ఇరుక్కుని సందు చేసింది.

నేను అడగకముందే అమ్మ కిటికీలోంచి బయటికి చూడసాగింది.

డాక్టరుగారికి ఫోను చేశాను. అంత కొద్దిసేపటికి మందుకు వచ్చిన లోటేమీ లేదన్నారు. పళ్ళు బయటికి వచ్చాయి, మూత బిగిసింది. నర్మద దగ్గర ఆగి తిరిగి బయలుదేరే వేళకు అంకె ఆరుకు దిగింది.

మూడో రాత్రి కాశీ చేరాము. మర్నాడు గంగాస్నానమై, విశ్వనాథుని దర్శనమై, మెట్ల మీద కూర్చున్నాము. కాశీలో ఇష్టమైనది ఒకటి వదిలి రావాలి గదా! "ఏం వదిలావమ్మా?" అన్నాను.

"మామిడిపండు" అన్నది అమ్మ గంభీరంగా.

మా ఆవిడ నా చెవిలో అన్నది: "డాక్టరుగారు పదేళ్ళుగా చెబుతున్నారు. విశ్వనాథుడు చెబితేగాని వినలేదు."

అమ్మకు వినిపించనే వినిపించింది. "విశ్వనాథుడు కాదే అమ్మాయీ, ఆ పెట్టె చెప్పింది" అని నవ్వింది. మేము ఇల్లు చేరేదాకా పెట్టెను ఎవరినీ ముట్టుకోనివ్వక, మూత బిగిసిందో లేదో తానే నొక్కి చూసుకున్నది.