శనివారం... షాలోం!

గుంటూరు నుంచి పొన్నూరు వెళ్లే దారిలో వస్తుంది చేబ్రోలు. ఆ మండలంలోని కొత్తరెడ్డిపాలెంలో కొన్ని ఇళ్ల మధ్య శనివారం పలకరింపు 'బాగున్నారా' కాదు... 'షబ్బాత్ షాలోం'! ఇజ్రాయెల్ నుంచి చెదిరిపోయిన ఎఫ్రాయిం గోత్రం తమదని నమ్మే 'బెనె ఎఫ్రాయిం' కుటుంబాలవి. ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. 1991లో వీళ్లకంటూ ఓ సమాజమందిరం వెలిసింది. హీబ్రూ చదువూ మొదలైంది.

అక్షరాలు 22. రాత కుడి నుంచి ఎడమకు. మామూలు రాతలో అచ్చుల గుర్తులుండవు. గుణింతాలు దిద్దిన చేతికి పరీక్షే!

మాట్లాడాలంటే ఇంకా బెరుకు. గొంతులోంచి గరగరమంటూ రావాల్సిన 'ఖ' తెలుగు నాలుకకు ఓ పట్టాన లొంగదు. పైగా ఇజ్రాయెల్, అమెరికాల నుంచి అతిథులు వస్తుంటారు. ఈ సమూహానికేమో ఇజ్రాయెల్ గుర్తింపు రాలేదు. అలాంటప్పుడు ఒక్క మాట తడబడితే, తమ మూలాలనే శంకిస్తారేమోనన్న జంకు సహజం.

మరి ఆ జంకు పోయేదెలా? పదిమందీ కలిసి చదివే ప్రార్థనలో ఒకరి తప్పు బయటపడదు. వారంవారం అవే మాటలు... నోరు తిరిగాక ఒంటరిగా పలికే ధైర్యమూ వస్తుంది.

అసలు హీబ్రూయే శతాబ్దాలపాటు ఎవరికీ ఇంటిభాష కాదు. 1881లో జెరూసలేం చేరిన ఎలియెజర్ బెన్ యెహూదా తన బిడ్డతో హీబ్రూలోనే మాట్లాడాలని పట్టుబట్టాడు. లేని మాటల్ని కొత్తగా కల్పించుకున్నాడు. తడబడుతూ నేర్చుకున్నవాళ్ల నోటనే ఆ భాష మళ్లీ బతికింది. కొత్తరెడ్డిపాలెంలో తడబడేవాళ్లూ ఆ వరసలోని వాళ్లే!