జంటకు దూరంగా మూడో చుక్క

ఆకాశంలో మూడు చుక్కలు ఒక వరుసలో కనబడగానే వాటిని ఒకే కుటుంబంగా లెక్కకట్టడం మనిషి కంటికి ఎప్పటినుంచో ఉన్న అలవాటు. పంచాంగంలోని ఇరవై ఏడు నక్షత్రాలలో శ్రవణానికి తారలు మూడని చెబుతారు. భాద్రపదంలో రాత్రి తొమ్మిది గంటల వేళ నడినెత్తికి దగ్గరగా, నడుమ ఆల్టెయిర్ అనే పెద్ద తార, దానికి చెరోవైపున ఒక్కో చిన్న తార ఉన్న ఆ వరుసను గుర్తుపట్టడానికి పరికరాలేవీ అక్కర్లేదు. అయితే కాంతి ఒక ఏడాదిలో ప్రయాణించే దూరాన్ని, అంటే సుమారు తొమ్మిదిన్నర లక్షల కోట్ల కిలోమీటర్లను, ఒక కాంతి సంవత్సరంగా తీసుకుంటే, ఆల్టెయిర్ 17 కాంతి సంవత్సరాల దూరంలోను, పక్క తారలలో ఒకటి సుమారు 45, రెండోది దాదాపు 400 కాంతి సంవత్సరాల దూరంలోను ఉన్నాయి. ఒకదాని ఊసు మరొకదానికి పట్టని ఈ మూడింటినీ వరుసలో నిలబెట్టినది భూమి మీద నుంచి చూసే కోణమే. పరస్పర గురుత్వాకర్షణకు లోబడి, కలిసి పుట్టి, కలిసి తిరిగే మూడు తారలనే ఖగోళ శాస్త్రం త్రితార వ్యవస్థ అంటుంది. అటువంటివి చాలావరకు మామూలు కంటికి ఒకే ఒక్క చుక్కగా కనబడతాయి.

విడదీసి చూడదగిన త్రితారలలో మొదట చెప్పుకోవలసినది బీటా మోనోసెరోటిస్. మాఘమాసపు రాత్రులలో ఎర్రని ఆర్ద్ర నుంచి, లుబ్ధకుడని పేరున్న సిరియస్‌కు ఒక గీత ఊహించుకుంటే, దాని నడిమి భాగం దాటీ దాటగానే ఆ గీతకు చేరువలో నాలుగో తరగతి ప్రకాశంతో మసకగా కనబడేది ఇదే. సొంతంగా అద్దాలు సానపట్టుకొని దూరదర్శినులు తయారు చేసుకున్న విలియం హెర్షెల్ ఇంగ్లండులోని బాత్ పట్టణంలో జంట తారల జాబితా కోసం ఆకాశాన్ని గాలిస్తూ 1781లో దీనిని మూడుగా విడదీశాడు. అదే ఏడాది మార్చి 13న, అదే గాలింపులో ఆయనకు యురేనస్ గ్రహం దొరికింది. లోకం గ్రహాన్నే గుర్తుపెట్టుకోవడంలో వింత లేదు గాని, హెర్షెల్ వెతుకుతున్నది మాత్రం గ్రహాలను కాదు.

ఆకాశంలో కోణాలను కొలిచేటప్పుడు డిగ్రీలో అరవయ్యో వంతును కల అని, కలలో అరవయ్యో వంతును వికల అని అంటారు. పూర్ణచంద్రుడి అడ్డుకొలత సుమారు 1,800 వికలలు. బీటా మోనోసెరోటిస్‌లో మొదటి తారకు రెండోది ఏడు వికలలకు కాస్త ఎక్కువ దూరంలోను, రెండోదానికి మూడోది సుమారు మూడు వికలల దూరంలోను ఉన్నాయి. దూరదర్శిని ముందుండే కటకం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకొని 116ను దానితో భాగిస్తే, ఆ పరికరం విడదీయగల అతి సన్నని ఎడం వికలలలో వస్తుందన్నది పంతొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల పరిశీలకుడు విలియం డాస్ పెట్టిన లెక్క. దాని ప్రకారం 60 మిల్లీమీటర్ల కటకం కూడా ఈ పనికి చాలాలి. ఆచరణలో మాత్రం గాలి కదలిక వల్ల చుక్కలు చెదురుతాయి కనుక 80 మిల్లీమీటర్లు ఉంటే మేలు. తక్కువ వృద్ధిలో ఇది కొద్దిగా సాగిన ఒకే తారలా ఉంటుంది. యాభై రెట్ల వృద్ధికి రెండుగా చీలుతుంది, ఆ రెండింటిలో ఒకటి ఇంకా కోలగానే కనిపిస్తుంది. వంద రెట్లు దాటాక, గాలి నిలకడపడిన క్షణంలో ఆ కోల చుక్క కూడా తెగి, సన్నని త్రికోణంగా మూడు నీలి ఛాయ తెల్లని బిందువులు తేలతాయి. మోటారు లేని దూరదర్శినిలో అరడిగ్రీ వీక్షణ క్షేత్రాన్ని ఈ తార రెండే నిమిషాలలో దాటిపోతుంది కాబట్టి ఆ క్షణం కోసం కాచుకొని ఉండాల్సిందే. మంచు పడే రాత్రి అయితే కటకాన్ని పొడి గుడ్డతో తుడవడం కంటే, ముందుగానే దానికి అట్టగొట్టం తొడగడం మంచిది.

మూడూ ఇంచుమించు సమానంగా వెలుగుతున్నా వాటి అమరిక సమానం కాదు; దగ్గరగా ఉన్న రెండు ఒక జంట, మొదటిది వాటికి ఎడంగా నిలిచిన మూడోది. త్రితార వ్యవస్థలలో చాలావాటిలో ఈ తీరు కనబడటం యాదృచ్ఛికం కాదు. మూడు వస్తువులు ఒకదానినొకటి ఆకర్షించుకుంటూ ఎలా కదులుతాయన్న ప్రశ్న న్యూటన్ కాలం నుంచి గణితవేత్తలను వేధించింది. మూడూ సమబాహు త్రిభుజపు మూలల వద్ద ఉంటే ఆ ఆకారం చెడకుండా తిరగవచ్చని 1772లో లగ్రాంజ్ నిరూపించినా, మూడూ సమాన ద్రవ్యరాశి గల తారలైతే ఏ చిన్న తడబాటుకైనా ఆ త్రిభుజం చెదిరిపోతుంది. అప్పుడు సాధారణంగా ఒక తార శాశ్వతంగా విసిరివేయబడి, మిగిలిన రెండూ మరింత దగ్గరవుతాయి. మూడోది జంటను ఒకే బరువుగా చూసేంత దూరంలో ఉంటేనే కూటమి కోట్ల ఏళ్లు నిలుస్తుంది. సమానత్వం ఇక్కడ ఎంతమాత్రం పనికిరాదు.

ఈ ఎడం ఎంత ఉండవచ్చో సూర్యుడికి ఇరుగుపొరుగైన ఆల్ఫా సెంటారీ చూపుతుంది. మే, జూన్ నెలల్లో తెలుగు నేల మీది నుంచి దక్షిణ దిక్కున, హైదరాబాదులోనైతే దిగ్మండలానికి పన్నెండు డిగ్రీల ఎత్తులోపే, తిరుపతిలో అంతకంటే మూడు నాలుగు డిగ్రీలు పైన, ఈ ప్రకాశమానమైన తార కొద్ది గంటలు కనబడుతుంది. ఇది జంట అని మొదట గుర్తించినది మన దక్షిణ తీరంలోనే: 1689 డిసెంబరులో పుదుచ్చేరిలో తోకచుక్కను పరిశీలిస్తున్న జెసూట్ మతగురువు రిషో దీనిని రెండుగా చూశాడు. ఆ రెండూ సుమారు 80 ఏళ్లకు ఒకసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. 2016 ప్రాంతంలో వాటి ఎడం నాలుగు వికలలకు తగ్గి, ఆ తర్వాత మళ్లీ పెరుగుతోంది. మూడోదైన ప్రాక్సిమాను 1915లో జోహన్నెస్‌బర్గ్‌లో రాబర్ట్ ఇన్స్ కనుగొన్నాడు. ఆకాశంలో అది జంటకు రెండు డిగ్రీలకు పైగా, అంటే నాలుగు చందమామల వెడల్పు దూరంలో, పదకొండో తరగతి ప్రకాశంతో ఉంటుంది. ఒక చుట్టు తిరగడానికి దానికి పట్టేది సుమారు అయిదున్నర లక్షల ఏళ్లు. అది నిజంగా జంటకు కట్టుబడి తిరుగుతోందని 2017లో గాని స్థిరపడలేదు. ఈ మూడు తారల నడుమ అల్లాడే గ్రహాన్ని ఊహించి చైనా రచయిత ల్యూ త్సిషిన్ రాసిన నవల ప్రసిద్ధమే అయినా, అసలు ఆల్ఫా సెంటారీలో అంతటి కల్లోలం లేదు.

పెళ్లినాడు అరుంధతితో పాటు కొత్త దంపతులకు చూపే ధ్రువుడు కూడా ఒంటరివాడు కాదు. పద్దెనిమిది వికలల దూరంలో దానికి ఒక తోడు ఉందని పట్టుకున్నదీ హెర్షెలే. అది ప్రధాన తార కంటే నాలుగు వందల రెట్లకు పైగా మసకైనా, 80 నుంచి 100 మిల్లీమీటర్ల దూరదర్శినికి చిక్కుతుంది. ముప్పై ఏళ్ల కక్ష్యలో తిరిగే రెండో తోడును మాత్రం, కాంతిని రంగులుగా విడదీసే వర్ణపటం ద్వారానే ముందు గుర్తించారు. దాని చిత్రం 2006లో హబుల్ దూరదర్శిని పరిశీలనల నుంచి వెలువడింది.

మూడో తార అసలే కనబడని వ్యవస్థలలో దానిని గడియారంతో పట్టుకుంటారు. ఒక తార మరొకదాని ముందుగా వచ్చినప్పుడల్లా కాంతి తగ్గే జంటలను గ్రహణ జంటలంటారు. ఆ జంట మూడో తార ఆకర్షణకు ఊగుతూ భూమికి కాస్త దగ్గరై, కాస్త దూరమైతే, దాని కాంతి ఒకసారి ముందుగాను ఒకసారి ఆలస్యంగాను చేరి గ్రహణాల వేళ తప్పుతుంది. బృహల్లుబ్ధక మండలంలోని ఆర్ కానిస్ మెజోరిస్ అనే తారలో ఇటువంటి తేడాను గమనించిన ఉస్మానియా విశ్వవిద్యాలయ ఖగోళ శాస్త్రజ్ఞులు, దానికి తొంభై ఏళ్లకు కాస్త పైబడిన కక్ష్యలో మూడో తార ఉండాలని 1984లో ప్రతిపాదించారు. 2002లో హిప్పార్కస్ ఉపగ్రహపు కొలతలను కలిపి చేసిన లెక్క దానిని బలపరిచింది. రంగారెడ్డి జిల్లాలోని జపాల్-రంగాపూర్ వేధశాలలో 48 అంగుళాల దూరదర్శినితో గ్రహణ జంటల కాంతిని ఏళ్ల తరబడి కొలిచిన సంప్రదాయానికి చెందిన ఫలితమిది. దీనికి తెలుగు పాఠ్యపుస్తకాలలో ఒక్క పేరా అయినా దక్కవలసింది. ఆర్ కానిస్ మెజోరిస్‌ను చూడాలనుకున్నవారికి వెతుకులాట కూడా అక్కర్లేదు. సిరియస్‌ను చూపేలా దూరదర్శినిని బిగించి, ముప్పై నాలుగు నిమిషాలు కదపకుండా ఆగితే, భూభ్రమణమే ఆ తారను వీక్షణ క్షేత్రంలోకి, మధ్యకు కొద్దిగా ఉత్తరాన, తీసుకువస్తుంది. ఒక రోజు మూడు గంటల పదహారు నిమిషాలకు ఒకసారి వచ్చే దాని గ్రహణంలో కాంతి దాదాపు సగానికి పడిపోయే వేళను మామూలు డిజిటల్ కెమెరాతో కూడా నమోదు చేయవచ్చు.