మనలిలో ఒక ఊరి కొలిమి

మద్రాసులో స్థిరపడిన మన కుటుంబాలు చుట్టాలొస్తే మెరీనా చూపిస్తాయి, మైలాపూరు తీసుకెళ్తాయి, చీరలకు టి.నగర్ తిప్పుతాయి. మనలికి మాత్రం ఎవరూ తీసుకురారు. తిరువొత్తియూరు నుంచి పడమరకు తిరిగి బకింగ్‌హాం కాలువ దాటితే మనలి. మెట్రో రైలు 2021 ఫిబ్రవరి నుంచి వింకో నగర్ దాకా వస్తోంది కాబట్టి ప్రయాణం కూడా పెద్ద కష్టం కాదు. అక్కడ దిగి ఆటో ఎక్కితే ముందొక ట్యాంకరు లారీ, వెనుకొక కంటైనరు లారీ, దూరాన రిఫైనరీ గొట్టం మీద మంట. ఇదీ మనలి ముఖచిత్రం.

ఒకప్పుడిది సంగీతం విన్న పల్లె. 18వ శతాబ్దంలో ఇక్కడి ముత్తుకృష్ణ మొదలియారు ఆదరణలో రామస్వామి దీక్షితులు కుటుంబంతో వచ్చి ఉన్నారు. ఆయన కుమారుడు ముత్తుస్వామి దీక్షితులు చిన్నతనం మనలిలో గడిచింది. కోటలో ఇంగ్లీషు వాళ్ళ బ్యాండు విన్న ప్రభావమే తర్వాత ఆయన నొట్టుస్వరాలుగా మారిందంటారు. ఆ పల్లెకు పరిశ్రమలు వచ్చాయి. 1965లో మద్రాస్ రిఫైనరీస్ ఏర్పడి 1969లో పని మొదలుపెట్టింది. 2000లో దాని పేరు చెన్నై పెట్రోలియంగా మారింది. 1966లో మద్రాస్ ఫెర్టిలైజర్స్ ఏర్పడింది. 2011లో మనలి చెన్నై కార్పొరేషన్‌లో కలిసింది. ఇంత పెద్ద మంటలున్న చోట ఒక చిన్న మంట గురించి చెప్పాలని ఈ వ్యాసం.

లారీల పక్కన కొలిమి

లారీలు ఆగే చోట టైరు పంక్చర్ల కొట్టు, టీ బడ్డీ, వెల్డింగు షెడ్డు ఉంటాయి. వాటి పక్కనే, అదృష్టం బాగుంటే, ఇంకా ఒక కొలిమి కనిపిస్తుంది. విరిగిన లారీ కమాను పట్టీ మంచి ఉక్కు. దాన్ని కాల్చి, సాగదీసి, కత్తిపీటలు, కొబ్బరికాయలు కొట్టే కత్తులు, గడ్డపారల మొనలు చేస్తారు. నేను కాసేపు నిలబడి చూసిన కొలిమిలో డెబ్బై దాటిన పెద్దాయన పని చేస్తున్నారు. నెల్లూరు వైపు యాస. తెలుగులో పలకరించగానే, "రండయ్యా, కూర్చోండి, నిప్పురవ్వలు పడతాయి, కాస్త ఎడంగా" అన్నారు. "ఇనుము కరిగే చోట ఈగలకేం పని" అనే సామెత గుర్తొచ్చి ఎడంగానే కూర్చున్నాను.

షెడ్డు మీద రేకు కప్పి, మూడు పక్కల గోనెపట్టాలు కట్టారు. వానకనుకున్నాను, కాదట. ఎండలో ఇనుము రంగు తెలియదు. ఆ రంగే ఆయనకు థర్మామీటరు. ముదురు ఎరుపులో కొడితే పగులు తీస్తుంది, నారింజ రంగులో కొడితే మైనంలా సాగుతుంది, తెల్లబడి రవ్వలు చిమ్మితే ఇనుము కాలిపోతున్నట్టే. పదును పెట్టడానికి ఎంత వేడి కావాలో ఆయన కన్ను చెబుతుంది. కొత్తవాళ్ళకు దానికొక ఉపాయముంది. సుమారు 770 డిగ్రీలు దాటితే ఇనుము అయస్కాంతానికి అంటుకోదు. అంటుకోవడం మానిన తర్వాత మరికాస్త కాల్చి ముంచితే చాలు.

"మీ అబ్బాయి ఈ పని చేస్తాడా?" అన్నాను.

"వాడు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి పోతాడయ్యా. నెల తిరిగేసరికి జీతం. నేనే పొమ్మన్నాను."

"వేరేవాళ్ళు వచ్చి నేర్పమంటే?"

"నేర్పనని ఎవరన్నారు? అడిగినోళ్ళు లేరు" అని మళ్ళీ పట్టకారు అందుకున్నారు.

మేర అంటే చందాయే

వాణిజ్యశాస్త్రం చదివి, బ్యాంకు లెక్కలతో జీవితం గడిపినవాడికి ఆ మాట లెక్కగానే వినిపిస్తుంది. మన పల్లెల్లో కొలిమి దుకాణంలా నడిచేది కాదు. ఏరువాకకు ముందు రైతులు కర్రులు పట్టుకుని బారులు తీరేవారు. కోతలకు ముందు కొడవళ్ళకు కక్కు కొట్టించుకునేవారు. పనిపనికీ డబ్బు చేతులు మారేది కాదు. పంట వచ్చాక కళ్ళంలో కమ్మరికి ఇంత అని ధాన్యం కొలిచేవారు. దాన్ని మేర అనేవారు. నేటి భాషలో చెప్పాలంటే అది సంవత్సర చందా. ఊరంతా సభ్యులు, కొలిమి అందరిదీ. తిత్తి లాగడానికి పని తెచ్చిన రైతే చెయ్యి వేసేవాడు.

ఇలాంటి కొలుముల నుంచే ప్రపంచం మెచ్చిన ఉక్కు వచ్చింది. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో కాచిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని 19వ శతాబ్దపు మొదట్లో అక్కడికి వెళ్ళిన డాక్టర్ వాయిసీ రాశారు. ఇంగ్లీషువాళ్ళ 'వూట్జ్' మన ఉక్కు మాటకు పుట్టిన వికృతే. మైకేల్ ఫారడే అంతటివాడు 1820 ప్రాంతంలో ఆ ఉక్కు రహస్యం తెలుసుకోవాలని ప్రయోగాలు చేశాడు.

అయితే ఆ ఏర్పాటులో ఒక లోపమూ ఉంది. మేర ఊరంతా ఇచ్చినా, విద్య మాత్రం ఒక్క కులంలో, ఒక్క ఇంట్లో ఉండిపోయింది. ట్రాక్టరు వచ్చింది, కర్రు పోయింది, మేర ఆగింది. ఆ ఇంటి కొడుకు పట్నం వెళ్ళాడు. ఊళ్ళో ఇంకెవరికీ పని తెలియదు కాబట్టి కొలిమి చల్లారింది.

వాళ్ళు మళ్ళీ ఎలా వెలిగించారు

అమెరికాలోనూ ఇదే జరిగింది. కార్లు, యంత్రాలు వచ్చి కమ్మరులు దాదాపు కనుమరుగయ్యారు. 1969లో అలెక్స్ బీలర్ కమ్మరం పని మీద ఒక పుస్తకం రాశాడు. 1973లో జార్జియా రాష్ట్రంలోని లంప్కిన్ అనే చిన్న ఊళ్ళో కొద్దిమంది కమ్మరులు కలుసుకుని ఉత్తర అమెరికా కళాకమ్మరుల సంఘం పెట్టుకున్నారు. ఇంగ్లండులో అలాంటి సంఘం 1978లో ఏర్పడింది. ఈ రోజు అక్కడ ఎన్నో ఊళ్ళలో స్వచ్ఛంద క్లబ్బులున్నాయి. పంతుళ్ళు, నర్సులు, ఇంజనీర్లు, పదవీ విరమణ చేసినవారు వారాంతంలో వచ్చి సమ్మెట పడతారు. వారెవరికీ అది తాతల వృత్తి కాదు.

అవి నడిచే తీరు మన సంఘాలకు కొత్త కాదు. సంవత్సర చందా, ఒక పత్రిక, నెలకొక కూడిక. కూడికలో అనుభవజ్ఞుడు ఒక వస్తువు చేసి చూపిస్తాడు, తర్వాత అందరూ ప్రయత్నిస్తారు. కొత్తవాడికి తొలి పాఠం సాధారణంగా ఒక కొక్కెం. మొన తీయడం, వంచడం, మెలి తిప్పడం మూడూ అందులో ఉన్నాయి. ఖర్చులకు ఒక సరదా పద్ధతి ఉంది. ప్రతివారూ ఇంట్లో ఉన్న పనిముట్టో, ఇనుప ముక్కో, తాము చేసిన వస్తువో తెచ్చి బల్ల మీద పెడతారు. టిక్కెట్లు అమ్మి చీటీలు తీస్తారు. వచ్చిన డబ్బు బొగ్గుకు, పనిముట్లకు. మన అసోసియేషన్ల తంబోలా ఆడినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కర లేదు.

మనలిలో పెడితే

మనలిలో ఇలాంటిది పెట్టడానికి మొదటి చిక్కు పొగ. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అతి కలుషిత ప్రాంతాల జాబితాలో మనలిని చేర్చింది. అక్కడి తల్లుల ముందు ఇంకో బొగ్గు పొయ్యి పెడతామంటే న్యాయం కాదు. గ్యాసు కొలిమి పెట్టాలి. గ్యాసు తయారయ్యే ఊళ్ళో గ్యాసుకు లోటా? అయితే ఇంటి సిలిండరు వాడకూడదు. 19 కిలోల వాణిజ్య సిలిండరు సంఘం పేర తీసుకోవాలి. గాలి ఆడే షెడ్డు ఉండాలి. నైలాను బట్టలు నిషేధం, నూలు బట్టలు, బూట్లు, కళ్ళద్దాలు తప్పనిసరి. జింకు పూత ఉన్న ఇనుమును నిప్పులో పెట్టనివ్వరాదు, ఆ పొగ జ్వరం తెస్తుంది. పని పెట్టి కొట్టే దాకలికి రైలుపట్టా ముక్క భేషుగ్గా ఉంటుంది గానీ, రసీదు లేకుండా కొంటే 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం మన ఇంటి తలుపు తడుతుంది. వేలంలో కొన్నదై ఉండాలి.

డబ్బు సంగతి. కేంద్రం 2023 సెప్టెంబరులో పి.ఎం. విశ్వకర్మ పథకం తెచ్చింది. అందులోని 18 వృత్తుల్లో కమ్మరం ఒకటి. 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల వరకు అప్పు, పనిముట్లకు 15,000 రూపాయలు. ఆ పథకం వంశవృత్తిని గట్టిపరుస్తుందని తమిళనాడు ప్రభుత్వం 2024లో దాన్ని కాదని, తన సొంత పథకం తెచ్చింది. రాజకీయం పెద్దలకు వదిలేద్దాం. అప్పు ఇచ్చేది మనిషికి. ఊరందరికీ నేర్పే కొలిమి కావాలంటే చందాలు కట్టే సభ్యులే దిక్కు. బ్యాంకు కుర్చీలో కూర్చుని ఈ మాట చెప్పడం వింతగా ఉన్నా, ఇక్కడ అప్పుకన్నా చందా మేలు. అప్పుకు వాయిదా ఉంటుంది, చందాకు మనుషులు ఉంటారు.

పెద్దాయనకు గురుదక్షిణ నెలనెలా ముట్టాలి. అది మొదటి ఖర్చుగా రాయాలి, చివర మిగిలితే ఇచ్చేది కాకూడదు. ఆయన నేర్పేది మన పిల్లలకే కాదు, ఆ లారీల దగ్గర తిరిగే పిల్లలకు కూడా. ఆడపిల్లలకు కూడా. కులం అడగకూడదు, వయసు మాత్రం అడగాలి.

"ఇనుముతో కూడితే అగ్నికీ సమ్మెట పోట్లు" అని మనవాళ్ళు చెడు సావాసం గురించి అంటారు. కానీ కొలిమి దగ్గర నిలబడి చూస్తే ఆ కూడికలోంచే కర్రు వచ్చింది, కొడవలి వచ్చింది, మన అమ్మల కత్తిపీట వచ్చింది. మన సభ్యుల్లో రిఫైనరీలో, ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఫోర్‌మన్లు, వెల్డర్లు, భద్రతాధికారులు ఉన్నారు. ఖాళీ షెడ్డు ఉన్నవారూ ఉండవచ్చు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ విషయం ఒక అంశంగా పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. పది కుటుంబాలు ముందుకొస్తే చాలు, లెక్కలు నేను రాస్తాను. తొందర ఎందుకంటే, పెద్దాయన చేతిలో సమ్మెట ఇంకా లేస్తోంది.