తప్పు వేలిది కాదు

మేమిద్దరం కువైట్‌లో ఒక క్యాంపు ఆఫీసులో గుమాస్తాలం. ఇంటర్‌తో చదువు ఆపి వచ్చినవాళ్లం. వారమంతా టైమ్‌షీట్లు రాస్తాం. గురువారం రాత్రి మాత్రం మెస్ హాల్లో పాటల ప్రాక్టీసు దగ్గర కూర్చుంటాం.

మా బృందంలో బేస్ గిటార్ వాయించేది కడప జిల్లా నుంచి వచ్చిన స్టీల్ ఫిక్సర్. మూడు నెలలు కూడబెట్టి సెకండ్ హ్యాండ్ గిటార్, చిన్న యాంప్ కొన్నాడు. అంతకు ముందెప్పుడో సైటులో కడ్డీ పడి అతని కుడిచేతి మధ్యవేలు నలిగింది. ఉగాది కార్యక్రమం దగ్గరపడింది. లావు తీగలు గట్టిగా పలుకుతున్నాయి, సన్నని జి తీగ వినిపించడం లేదు. "ఆ వేలితో కాదులే" అని అందరూ అన్నారు. మేమూ అన్నాం. "నిజమే సార్, ఇంకొకరిని చూసుకోండి" అని అతను గిటార్ సంచిలో పెట్టబోయాడు.

ఆ మాట మాకు గుచ్చుకుంది. "ఒక్క నిమిషం ఆగప్పా" అని గిటార్ తీసుకుని, మాలో ఒకరం బొటనవేలితో నాలుగు తీగలూ ఒకే బలంతో మీటాం. మా చేతిలోనూ జి తీగ అంతే నీరసం! అంటే వేలిది కాదు తప్పు.

తీగల కింద పికప్ అని అయస్కాంతపు బిళ్ల ఉంటుంది. తీగ దానికి ఎంత దగ్గరుంటే శబ్దం అంత ఎక్కువ. చూస్తే అది జి తీగ వైపు బాగా కిందికి వాలిపోయి ఉంది. ఆ వైపు స్క్రూ కొద్దికొద్దిగా వదులు చేస్తే అడుగున ఉన్న స్పాంజి దాన్ని పైకి నెట్టింది. చివరి మెట్టు దగ్గర తీగ నొక్కిపట్టి, సన్న తీగ కింద రెండు మిల్లీమీటర్లు, లావు తీగ కింద దాదాపు మూడు ఉంచాం. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగి శ్రుతి చెడగొడుతుంది.

ఇంకా రెండు చిక్కులు మిగిలాయి. ఎ స్వరం గదంతా గుయ్‌మంటోంది. హెడ్‌ఫోన్‌లో వింటే మామూలుగానే ఉంది. అంటే తప్పు గదిది. యాంప్‌ను మూల నుంచి జరిపితే చాలావరకు తగ్గింది. రెండోది, జి తీగ ఐదో మెట్టు దగ్గర స్వరం పుట్టగానే చచ్చిపోతోంది. అక్కడ గిటార్ మెడ కర్రే ఆ కంపనాన్ని మింగేస్తుంది. దానికి స్క్రూ లేదు. అదే స్వరం పక్కనున్న డి తీగ మీద పదో మెట్టులో దొరుకుతుంది. అక్కడ వాయించుకోమన్నాం.

మళ్లీ పాట మొదలైంది. నాలుగు తీగలూ సమంగా పలికాయి. అతను తన వేలివైపు చూసుకుని, "ఇన్నాళ్లూ దీన్నే తిట్టుకున్నా సార్" అన్నాడు. మాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఉగాదికి అతనే వాయించాడు.

ఆ శనివారం టైమ్‌షీటులో ఒకాయన పేరు పక్కన 'ఆలస్యం' అని రాయబోయి కలం ఆపాం. పిలిచి అడిగితే, ఆయన గేటు దగ్గర వేళకే ఉన్నాడు, వచ్చే బస్సే ఇరవై నిమిషాలు ఆలస్యం. ఇన్నేళ్లలో అడగకుండా ఎన్ని గీతలు గీశామో అనిపించింది. మీ గదిలో ఎవరి తీగైనా మెల్లగా పలికితే, ముందు స్క్రూ చూడండి. చెయ్యి సంగతి తర్వాత.