సైబీరియా కొంగలు కావంట!

పెదపాడులో పిన్ని వాళ్లింట్లో తెల్లవారుజామున నాలుగున్నరకే లేచాం. మంకీ క్యాప్ పెట్టుకుంటే గానీ పిన్ని బండి తాళం ఇవ్వలేదు. ‘సైబీరియా కొంగల్ని చూడబోతూ ఈ చలికి వణుకుతావేంట్రా’ అని బావ ఒకటే నవ్వు.

ఏలూరు దాటి కైకలూరు రోడ్డెక్కాం. కొల్లేరు అనగానే కళ్లముందు ఓ సముద్రం ఊహించుకున్నాను. కనబడినవి మాత్రం చేపల చెరువులు, గట్లు, గట్ల మీద మేత బస్తాలు. ఈ సరస్సు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో గట్లు తెంచిన సంగతి మీరూ వినే ఉంటారు. పెదయడ్లగాడి వంతెన మీద ఆగి, పొగమంచులో నాలుగు ఫొటోలు తీశాం. ఒక్కటీ సరిగ్గా రాలేదు.

కైకలూరు పక్కనే ఆటపాక. పడవెక్కగానే ముందు తగిలింది వాసన. చేపలూ రెట్టలూ కలిసిన ఘాటు అది, కెమెరాకి అందదు. ఆ తర్వాత గూడబాతులు, అదే పెలికాన్లు. ముక్కు కింద సంచి వేలాడేసుకుని, రిటైరైన మాస్టార్లలా కూర్చున్నాయి. కూర్చున్నది చెట్ల మీద కాదు, నీళ్లలో పాతిన ఇనప స్టాండ్ల మీద! గూళ్లు కూడా వాటి మీదే.

‘ఇవి సైబీరియా నుంచే కదండీ?’ అనడిగాను.

‘ఎవరు చెప్పార్ బాబూ? పిల్లలు కనబడట్లా? ఇక్కడే పుట్టాయి’ అన్నాడు పడవ నడిపే పెద్దాయన.

ఆయన మాటే నిజం. ఈ చుక్కమూతి గూడబాతులు మన దక్షిణాదివే. శ్రీలంకలో, కంబోడియాలో కూడా ఉంటాయి గానీ మంచు దేశాలతో వీటికి సంబంధం లేదు. 1946లోనే కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశోధకుడు పశ్చిమ గోదావరిలోని ఆరేడులో వీటి గూళ్ల కాలనీ చూసి, దాని గురించి రాశారు. ఆ కాలనీ తర్వాత ఖాళీ అయిపోయింది. చుట్టాలని మనం ముద్దుగా పిలుచుకుంటున్నవి అసలు ఈ ఇంటివే అన్నమాట.

నిజంగా దూరం నుంచి వచ్చినవి వేరే ఉన్నాయి. అవతల నీళ్లలో తల ముంచి, తోక పైకెత్తి మేస్తున్న సూదితోక బాతులు. గోధుమరంగు తల, తెల్లటి మెడ. ఆసియా ఉత్తర కొస నుంచి ఎగిరొచ్చినా వాటివైపు ఒక్క ఫోనూ తిరగలేదు. నాది కూడా.

‘ఇంకొంచెం దగ్గరికి పోనివ్వండి, పిల్ల ఫొటో ఒక్కటి’ అని బతిమాలాను. ఆయన తెడ్డు ఆపేశాడు.

‘తల్లి లేచిందంటే కాకి కాసుకుని కూర్చుంటది. గుడ్డయినా పిల్లయినా దానికొకటే.’

నాకు సిగ్గేసింది. అక్కడి నుంచే తీశాను. పక్షి చిన్నగా, స్టాండు పెద్దగా వచ్చింది. మీరు వెళ్తే మాత్రం బైనాక్యులర్ పట్టుకెళ్లండి. ఫోన్ జూమ్‌ని నమ్ముకుంటే నాలాగే అవుతుంది.

తిరిగొచ్చేటప్పుడు, టీ కొట్టు దగ్గర ఎడిటింగ్ యాప్‌లో ఆ ఇనప గొట్టాలు చెరిపేద్దామని చూశాను. ఒక్క వేలి పని. గొట్టం పోయింది, గూడబాతు గాల్లో తేలింది. అన్‌డూ కొట్టి, ఉన్నది ఉన్నట్టే పిన్నికి చూపించాను.

‘అదేంట్రా, చెట్టు మీద కదా ఉండాలి?’ అంది పిన్ని.